అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) అమెరికాకు చెందిన వైద్యురాలు, లూథరన్ మిషనరీ. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధి చెందిన మిషన్ ఆసుపత్రిని స్థాపించింది. 1883లో తెలుగు దేశానికి వచ్చి, మరణించే వరకు దాదాపు 47 సంవత్సరాలు ఇక్కడే సేవ చేసింది. అమెరికా లూథరన్ జనరల్ సినడు తరఫున విదేశానికి వెళ్ళిన మొదటి వైద్య మిషనరీ ఈమె. వైద్యశాస్త్రంలో పట్టా ఉన్నప్పటికీ ఈమెను మొదట వైద్యురాలిగా పంపలేదు, బోధకురాలి హోదాలో మాత్రమే పంపారు. స్త్రీ కుటుంబంలో ఎలా ఉండాలి, సంఘంలో ఏ పని చేయవచ్చు అనే విషయాలపై బైబిలు ఆధారంగా నాటి క్రైస్తవ సంఘాలు పాటించిన నియమాలను ఈమె జీవితం ద్వారా తెలుసుకోవచ్చు. ఈమె వద్ద చికిత్స పొందిన ప్రముఖ కుటుంబాలలో ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు కుటుంబం ఒకటి.

బాల్యం, విద్య

కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో చార్లెస్ కుగ్లర్, హారియెట్ దంపతులకు జన్మించింది. ఫిలడెల్ఫియాలో పాఠశాల విద్య ముగించి, పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టా పొందింది. 1850లో ఏర్పడిన ఈ కళాశాల స్త్రీలకు వైద్యవిద్య బోధించడానికి ప్రపంచంలో నెలకొల్పిన తొలి సంస్థలలో ఒకటి. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొందిన తొలి భారతీయ స్త్రీలలో ఒకరైన ఆనందీబాయి జోషి 1886లో ఇక్కడి నుండే ఉత్తీర్ణురాలయింది. చదువు తరువాత కుగ్లర్ నోరిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాల స్త్రీల విభాగంలో సహాయ వైద్యురాలిగా పనిచేసింది.

1882లో గుంటూరులోని లూథరన్ మిషనరీ ఆడమ్ రో నుండి ఆమెకు ఒక లేఖ అందింది. హిందూ, ముస్లిం కుటుంబాలలోని స్త్రీలు పురుష వైద్యుల వద్దకు రారని, వారికి వైద్యం చేయడానికి స్త్రీలే కావాలని దాని సారాంశం. ఈ లేఖ ఆమె జీవిత మార్గాన్ని నిర్ణయించింది.

నాటి సంఘాలలో స్త్రీల స్థానం - బైబిలు బోధన

19వ శతాబ్దంలో అమెరికా, ఐరోపాలలోని ప్రొటెస్టెంటు సంఘాలన్నింటిలోనూ దాదాపుగా పురుషులే పాదిరులుగా ఉండేవారు. దీనికి ప్రధాన ఆధారాలు అపొస్తలుడైన పౌలు పేరుతో ఉన్న పత్రికలు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో స్త్రీలు సంఘ సమావేశాలలో మౌనంగా ఉండాలని ఉంది. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 2వ అధ్యాయం స్త్రీ పురుషునికి బోధించడాన్ని, అతనిపై అధికారం వహించడాన్ని నిషేధిస్తుంది. వివాహ విషయంలో ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయం ముఖ్యమైనది. భార్య భర్తకు లోబడాలని, భర్త భార్యను తన సొంత శరీరం వలె ప్రేమించాలని అందులో ఉంది. ఒకరికొకరు లోబడి ఉండాలనే మాట కూడా అదే భాగంలో ముందుగా వస్తుంది.

అదే బైబిలులో వేరే విధమైన ఆధారాలు కూడా ఉన్నాయి. రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయంలో ఫీబే అనే స్త్రీని కెంక్రేయ సంఘ పరిచారకురాలిగా పౌలు పరిచయం చేస్తాడు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయంలో ప్రిస్కిల్ల, అకుల అనే దంపతులు అపొల్లో అనే విద్వాంసునికి మార్గాన్ని మరింత స్పష్టంగా వివరిస్తారు. గలతీయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయం క్రీస్తునందు స్త్రీ పురుష భేదం లేదంటుంది. స్త్రీలు ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల కప్పుకోవాలని కొరింథీయుల పత్రిక 11వ అధ్యాయం చెబుతుంది. అంటే వారు సభలో నోరు విప్పేవారని అర్థమవుతుంది. ఈ రెండు రకాల వాక్యాలను ఎలా సమన్వయం చేయాలన్నదే నాటికీ నేటికీ ఉన్న వివాదం.

నాటి సంఘాలు దీనికొక మధ్యే మార్గం ఎంచుకున్నాయి. తీతుకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయంలో వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు మంచి నడవడి బోధించాలని ఉంది. దీని ప్రకారం స్త్రీ పురుషులకు బోధించకపోయినా స్త్రీలకు, పిల్లలకు బోధించవచ్చునని నిర్ణయించుకున్నారు. జర్మనీలోని కైసర్స్‌వెర్త్‌లో 1836లో లూథరన్ పాదిరి థియొడోర్ ఫ్లీడ్నర్ పరిచారికల సంస్థను పునరుద్ధరించడానికి ఫీబే ఉదాహరణే ఆధారమయింది. అమెరికాలో స్త్రీలు సొంతంగా మిషనరీ సమాజాలు ఏర్పాటు చేసుకుని, చందాలు పోగుచేసి, స్త్రీలనే విదేశాలకు పంపసాగారు. లూథరన్ జనరల్ సినడుకు చెందిన స్త్రీల సమాజం 1879లో ఏర్పడింది. కుగ్లర్‌కు ఆర్థికంగా అండగా నిలిచింది ఈ సమాజమే.

బోధకురాలిగా నియామకం

వైద్య మిషనరీగా వెళ్ళడానికి కుగ్లర్ దరఖాస్తు చేసుకుంది. వైద్య సేవ ప్రారంభించడానికి విదేశీ మిషన్ బోర్డు అప్పటికి సిద్ధంగా లేదు. కావాలంటే ఘోషా ఇళ్ళలోని స్త్రీలకు చదువు చెప్పే బోధకురాలిగా వెళ్ళవచ్చునని తెలిపింది. కుగ్లర్ ఈ షరతుకు అంగీకరించింది. 1883 ఆగష్టులో నియామకం పొంది, తన వైద్య పరికరాలను వెంట తెచ్చుకుని, నవంబరు 29, 1883న గుంటూరు చేరింది.

స్త్రీ వైద్యురాలు మిషనరీగా రావడం భారతదేశానికి అప్పటికి కొత్త కాదు. మెథడిస్టు సంఘానికి చెందిన క్లారా స్వెయిన్ 1870లోనే ఉత్తర భారతదేశంలోని బరేలీకి వచ్చింది. 1875లో మద్రాసు వైద్య కళాశాల మేరీ షార్లీబ్‌తో సహా నలుగురు స్త్రీలను చేర్చుకుంది. అయితే 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో ప్రారంభించిన లూథరన్ మిషన్‌లో మాత్రం స్త్రీ వైద్యురాలు ఉండడం కుగ్లర్‌తోనే మొదలయింది.

బోధకురాలిగా ఆమె బాలికల పాఠశాలలను చూసుకుంటూ, ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు చదువు చెప్పేది. తీరిక సమయంలో వైద్యం చేసేది. మొదటి సంవత్సరంలోనే 185 మందికి వారి ఇళ్ళలోను, 276 మందికి తన నివాసంలోను చికిత్స చేసింది. ఈ అనుభవం బోర్డు అభిప్రాయాన్ని మార్చింది. 1885 డిసెంబరులో ఆమెను వైద్య మిషనరీగా అధికారికంగా నియమించారు. భారతీయ స్త్రీలకు వైద్య సహాయం అందించడానికి డఫరిన్ నిధి ఏర్పడినది, మద్రాసులో ఘోషా ఆసుపత్రి ప్రారంభమయినది కూడా ఆ సంవత్సరమే.

ఘోషా ఇళ్ళలో వైద్యం

అప్పటి తెలుగు సమాజంలో కాన్పులు మంత్రసానుల చేతుల మీదుగా జరిగేవి. కాన్పు కష్టమైతే తల్లీబిడ్డలను కాపాడే మార్గం ఉండేది కాదు. జమీందారీ కుటుంబాలలోను, ముస్లిం కుటుంబాలలోను స్త్రీలు పరపురుషుని ఎదుట కనిపించరాదు కనుక పురుష వైద్యుడు ఉన్నా ఉపయోగం తక్కువ. మరొక వైపు, అగ్రవర్ణాల వారు కుగ్లర్‌ను అంటరానిదిగా భావించేవారు. ఆమె వచ్చి వెళ్ళిన తరువాత స్నానం చేసి శుద్ధి చేసుకునే ఇళ్ళు ఉండేవి. ఆమె మిషన్‌కు చెందిన క్రైస్తవులలో అధిక సంఖ్యాకులు దళిత కులాల వారు కావడం కూడా ఈ దూరానికి ఒక కారణం. ప్రాణాపాయ సమయాలలో చేసిన చికిత్సలు ఫలించిన కొద్దీ ఈ దూరం క్రమంగా తగ్గింది.

వైద్యం చేయించుకోవాలా వద్దా అనే నిర్ణయం సాధారణంగా రోగిది కాదు. భర్త, అత్త, ఇంటి పెద్దలు అనుమతించాలి. కాబట్టి స్త్రీకి వైద్యం చేయడమంటే ముందుగా ఆ ఇంటి పురుషుల నమ్మకం సంపాదించడమే. స్త్రీ అయినందువల్ల కుగ్లర్‌కు పురుష మిషనరీలు ప్రవేశించలేని గదులలోకి ప్రవేశం లభించింది. ప్రసంగ వేదిక ఎక్కే అవకాశం లేని స్త్రీకి ఆ విధంగా పాదిరులకు సైతం అందని శ్రోతలు దొరికారు.

ఆసుపత్రి నిర్మాణం

1886లో గుంటూరులో చిన్న వైద్యశాలతో ఆమె పని మొదలయింది. 1889లో సెలవుపై స్వదేశానికి వెళ్ళి, ఆసుపత్రి నిర్మాణానికి విరాళాల కోసం కృషి చేసి 1891లో తిరిగి వచ్చింది. 1893లో వైద్యశాలకు సొంత భవనం సమకూరింది. 1898లో 50 పడకల మిషన్ ఆసుపత్రి ప్రారంభమయింది. దీనికి ధనం ప్రధానంగా అమెరికాలోని లూథరన్ స్త్రీల నుండి వచ్చింది. 1890లలోనే డాక్టర్ మేరీ బేర్, శిక్షణ పొందిన నర్సు కేథరిన్ ఫాస్ ఈమెతో చేరారు. తరువాతి కాలంలో పిల్లల విభాగం, శస్త్రచికిత్స గదులు, ప్రసూతి విభాగం ఏర్పడ్డాయి. రెంటచింతలలోను, చీరాలలోను కూడా మిషన్ ఆసుపత్రులు వెలిశాయి. చీరాల ఆసుపత్రికి మేరీ బేర్ సారథ్యం వహించింది.

ఆసుపత్రి పెరిగే కొద్దీ తెలుగు యువతులకు నర్సులుగా, మందులు కలిపే కాంపౌండర్లుగా శిక్షణ ఇవ్వడం అవసరమయింది. స్త్రీలు జీతం తీసుకుని రాత్రీ పగలూ ఇంటి బయట పనిచేయడం క్రైస్తవ కుటుంబాలకు కూడా అప్పటికి కొత్త. వితంతువులకు, భర్త వదిలివేసిన స్త్రీలకు ఇటువంటి పని గౌరవప్రదమైన ఆధారమయింది.

వైద్యశాలలో ప్రతి రోజూ పని ప్రార్థనతో, బైబిలు పఠనంతో మొదలయ్యేది. బైబిలు స్త్రీలు అని పిలువబడే తెలుగు క్రైస్తవ స్త్రీలు రోగుల వద్ద కూర్చుని వాక్యం చదివి వినిపించేవారు. ఇళ్ళకు వెళ్ళి స్త్రీలకు అక్షరాలు నేర్పేవారు. వీరిలో చాలామంది ఉపదేశకుల భార్యలు లేదా వితంతువులు. బాప్తిస్మం ఇవ్వడం, ప్రభురాత్రి భోజనం వడ్డించడం, ఆదివార ప్రసంగం చేయడం మాత్రం పురుషుల అధికారంలోనే ఉండేవి. అంటే ఒక స్త్రీని క్రైస్తవ మతానికి పరిచయం చేసి, చదువు నేర్పి, సిద్ధపరచినది మరొక స్త్రీ అయినా, ఆమెను సంఘంలో చేర్చే కార్యం మాత్రం పురుషుడు చేయవలసి ఉండేది.

ఏలూరు రాజావారి సత్రం

ఏలూరు కొల్లేటి సరస్సుకు ఉత్తరాన, కృష్ణా గోదావరి కాలువలు కలిసే చోట ఉన్న పట్టణం. 1890లలో బెజవాడ మీదుగా రైలు మార్గం ఏర్పడిన తరువాత ఇక్కడి నుండి గుంటూరుకు ప్రయాణం సులభమయింది. ఏలూరులో అప్పటికే ఆంగ్లికన్ శాఖకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ 1854 నుండి పాఠశాలలు నడుపుతుండేది.

ఏలూరులో నివసించిన రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దరు లక్కవరం జమీందారు, సాహిత్యవేత్త. మంజువాణి పత్రికతో తెలుగు సాహిత్య చరిత్రలో ఆయన పేరు నిలిచింది. ఆయన భార్యకు కుగ్లర్ చికిత్స చేసి స్వస్థత చేకూర్చింది. అందుకు కృతజ్ఞతగా ఆయన గుంటూరు ఆసుపత్రి సమీపంలో రోగుల బంధువులు దిగడానికి ఒక సత్రం కట్టించాడు. దూర ప్రాంతాల నుండి వచ్చే హిందూ కుటుంబాలు తమ ఆచారం ప్రకారం వంట చేసుకుని ఉండడానికి ఈ సత్రం వీలు కల్పించింది. ఆచార భయంతో మిషన్ ఆసుపత్రికి రావడానికి వెనుకాడిన అనేక కుటుంబాలకు ఇది అడ్డంకిని తొలగించింది. హిందూ జమీందారు ఒకరు క్రైస్తవ ఆసుపత్రి పక్కన సత్రం కట్టించడం ఆ కాలంలో పేర్కొనదగిన సంఘటన.

గోదావరి ప్రాంతంలో ప్రభావం

రాజమండ్రి కేంద్రంగా ఉన్న లూథరన్ మిషన్ తాడేపల్లిగూడెం, భీమవరం, తాళ్ళపూడి మొదలైన చోట్ల కేంద్రాలు నెలకొల్పింది. ఈ మిషన్‌లో కూడా స్త్రీల వైద్యానికి గుంటూరు మార్గాన్నే అనుసరించారు. 1899లో డాక్టర్ లిడియా వర్నర్ రాజమండ్రి వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్య సేవ ప్రారంభించింది. తరువాత కొల్లేటికి తూర్పున ఉన్న భీమవరంలో అగస్టానా లూథరన్ స్త్రీల సహాయంతో ఆసుపత్రి ఏర్పడింది. 1927లో గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల లూథరన్ సంఘాలు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.

వివాహం గురించి

కుగ్లర్ వివాహం చేసుకోలేదు. తెలుగు పల్లెలలో యుక్తవయస్కురాలైన స్త్రీ అవివాహితగా ఉండడం అరుదు కనుక ఇది ప్రజలకు ఆశ్చర్యం కలిగించేది. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో అవివాహిత ప్రభువు కార్యాలపై పూర్తిగా మనసు నిలుపగలదని పౌలు చెబుతాడు. ప్రొటెస్టెంటు సంఘాలు సాధారణంగా భార్యగా, తల్లిగా ఉండడమే స్త్రీకి ప్రధాన ధర్మమని బోధించినా, ఒంటరి స్త్రీల మిషనరీ సేవను సమర్థించడానికి ఈ అధ్యాయాన్ని ఆశ్రయించాయి. పాదిరుల భార్యలు కూడా పాఠశాలలు, స్త్రీల కూటాలు నడిపేవారు. అయితే వారి పని భర్తల పనిలో భాగంగానే లెక్కకు వచ్చేది. సొంత పేరుతో నియామకం, సొంత బాధ్యత గల సంస్థ అవివాహిత స్త్రీలకే లభించేవి.

చివరి రోజులు

కుగ్లర్ సేవలకు గుర్తింపుగా బ్రిటిషు ప్రభుత్వం 1905లో కైజర్-ఇ-హింద్ పతకం ప్రదానం చేసింది. 1917లో మరల అదే గౌరవం లభించింది. 1918లో వేలూరులో ఐడా స్కడ్డర్ స్త్రీల కోసం వైద్య పాఠశాల ప్రారంభించింది. దానివల్ల మిషన్ ఆసుపత్రులకు భారతీయ వైద్యురాళ్ళు లభించే మార్గం ఏర్పడింది. 1928లో కుగ్లర్ గుంటూరు ఆసుపత్రి చరిత్రను ఆంగ్లంలో గ్రంథంగా ప్రచురించింది. అప్పటికే ఆమె తీవ్రమైన రక్తహీనతతో బాధపడుతుండేది. జూలై 26, 1930న తాను స్థాపించిన ఆసుపత్రిలోనే మరణించింది. తరువాత ఆసుపత్రికి ఆమె పేరు పెట్టారు.

అనంతర పరిణామాలు

కుగ్లర్ జీవితకాలంలో ఆమెను పంపిన సంఘంలో స్త్రీలకు గురు అభిషేకం లేదు. జనరల్ సినడు 1918లో అమెరికా యునైటెడ్ లూథరన్ సంఘంలోను, అది 1962లో అమెరికా లూథరన్ సంఘంలోను విలీనమయ్యాయి. ఈ సంఘం 1970లో ఎలిజబెత్ ప్లాట్జ్‌ను పాదిరిగా అభిషేకించింది. అప్పటికి కుగ్లర్ మరణించి 40 సంవత్సరాలు గడిచాయి.

తెలుగు ప్రాంతంలో అభిప్రాయాలు ఒకే విధంగా లేవు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం స్త్రీలను ప్రెస్బిటర్లుగా అభిషేకిస్తుంది. ఏలూరు ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు ఇందులోనే కలిశాయి. 2013లో ఈ సంఘం ఇ. పుష్పలలితను నంద్యాల అధ్యక్ష ఖండానికి బిషప్పుగా నియమించింది. ఆ సంఘంలో బిషప్పు అయిన మొదటి స్త్రీ ఆమె. మరొక వైపు, 1935లో ఏలూరులో రిజిస్టరయిన ఇండియా పెంతెకొస్తు దేవుని సంఘం పాస్టరు పదవిని పురుషులకే పరిమితం చేసే సంప్రదాయానికి చెందినది. 1976లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన రోమన్ కాథలిక్ మేత్రాసనంలో కూడా సంఘ నియమం ప్రకారం గురుత్వం పురుషులకే ఉంటుంది. తిమోతి పత్రికలోని నిషేధం అన్ని కాలాలకు వర్తిస్తుందని ఒక వర్గం, అది నాటి ఎఫెసు సంఘ పరిస్థితికి సంబంధించినదని మరొక వర్గం వాదిస్తాయి.

మూల్యాంకనం

కుగ్లర్ సంఘ నియమాలను ఎదిరించి పేరు పొందిన వ్యక్తి కాదు. స్త్రీలకు గురు అభిషేకం కోసం ఉద్యమించినవారిలో ఆమె పేరు కనబడదు. స్త్రీలకు స్త్రీలే సేవ చేయాలన్న నాటి సూత్రానికి లోబడే ఆమె పనిచేసింది. ఆ సూత్రం స్త్రీల ఘోషాను ప్రశ్నించకుండా దానికి అనుగుణంగా నడుచుకుందనే విమర్శ ఉంది. మిషనరీ సేవలో మతప్రచారం విడదీయరాని భాగమైనందున ఆ కోణంలోనూ విమర్శలు ఉన్నాయి. అయినప్పటికీ, బోధకురాలిగా మాత్రమే పంపబడిన స్త్రీ, రెండు సంవత్సరాలలో తన వృత్తికి గుర్తింపు పొంది, స్త్రీల చందాలతో, స్త్రీ వైద్యులతో, స్త్రీ నర్సులతో నడిచే పెద్ద ఆసుపత్రిని నిలబెట్టింది. ప్రసంగ వేదికపై స్త్రీకి అధికారం లేదన్న సంఘమే ఒక సంస్థపై ఆమెకు పూర్తి అధికారం అప్పగించవలసి వచ్చింది. కోస్తా ఆంధ్రలో స్త్రీల వైద్యం, నర్సుల శిక్షణ చరిత్రలో కుగ్లర్‌కు ముఖ్యమైన స్థానం ఉంది.